యువతకు కానుకగా ఇవ్వడానికి ఏ తెలుగు బైబిలు మంచిది?

యువజన సేవకుడు (భీమవరం):

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ ఏడాది మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్న యువతీ యువకులకు తలా ఒక బైబిలు కానుకగా ఇవ్వాలని అనుకున్నాం. డబ్బు సమకూరింది. ఏ అనువాదం కొనాలన్న దగ్గరే మాట కుదరడం లేదు. సంఘ పెద్దలు బైబిల్ సొసైటీ వారి పరిశుద్ధ గ్రంథమే, అంటే మనందరం ఓవీ అని పిలుచుకునే పాత అనువాదమే ఇవ్వాలంటున్నారు. పిల్లలేమో ఫోనులో ఐఆర్‌వీ, పవిత్ర బైబిల్, సమకాలీన అనువాదం అనే వాడుక భాష అనువాదాలు చూసి, అవి అర్థమవుతున్నాయి కదా, వాటిలో ఏదో ఒకటి ఇవ్వండి అంటున్నారు.

ఈ పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవాళ్లు. తెలుగు చదవగలరు, కానీ నెమ్మదిగా. మొన్న యువజన కూడికలో రోమా పత్రిక, అంటే పౌలు రోమా విశ్వాసులకు రాసిన ఉత్తరం, మొదలుపెట్టాం. డిగ్రీ చదువుతున్న ఒక చెల్లెలు "కృపాసమాధానములు మీకు కలుగును గాక" అని చదివి ఆగిపోయింది. "సమాధానం అంటే జవాబు కదా అన్నయ్యా, ఇక్కడ ఎవరు ఏమి అడిగారు?" అంది. శాంతి అని చెప్పాను. "మరి శాంతి అనే రాయవచ్చు కదా" అంది. ఆ పిల్ల బడిలో నేర్చిన తెలుగులో సమాధానానికి ఆ అర్థం లేదు.

ఇవి ఒకసారి ఇస్తే పదేళ్లు ఉండే పుస్తకాలు. అనుభవం ఉన్నవాళ్లు దారి చూపించండి.

పాత బైబిలు (ఏలూరు):

తమ్ముడూ, ఓవీనే ఇవ్వు. మరో ఆలోచన వద్దు.

మన సంఘాల్లో వాక్యం కంఠతా వచ్చినవాళ్లంతా ఓవీలోనే నేర్చుకున్నారు. సండే స్కూలులో బంగారు వాక్యం అప్పజెప్పేది అందులోదే. కొత్త సంవత్సరం రాత్రి తీసుకునే వాగ్దాన కార్డు మీద ఉండేది అందులోదే. ఇంటి గోడ మీద, సమాధి రాయి మీద, పెళ్లి పత్రిక మీద ఉన్నదీ అదే. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అని ఒకరు మొదలుపెడితే సంఘమంతా అందుకుంటుంది. నలుగురి చేతుల్లో నాలుగు రకాల బైబిళ్లు ఉంటే కలిసి చదవడమే ఉండదు. అయ్యగారు వేదిక మీద ఒకటి చదువుతుంటే బల్లల మీద కూర్చున్నవాళ్లు ఇంకొకటి చూస్తుంటారు.

ఇంకో సంగతి. కొత్త అనువాదాలు వచనాలనే తీసేస్తున్నాయి. యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయం 7వ వచనం చూడు. తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే ముగ్గురూ పరలోకంలో సాక్ష్యమిస్తున్నారని కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు అనువాదంలో స్పష్టంగా ఉంది. ఈనాటి వాటిలో ఆ మాట లేదు. త్రిత్వానికి ఆధారమైన వచనం లేని పుస్తకాన్ని కొత్త విశ్వాసి చేతిలో పెడతామా?

గ్రీకు విద్యార్థి (సికింద్రాబాద్):

అన్నయ్యా, మీ ఆవేదన అర్థమైంది. అయితే మీ దగ్గరున్న ఓవీ తెరిచి ఆ అధ్యాయం ఒకసారి చూడండి. "సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, అనగా ఆత్మయు, నీళ్లును, రక్తమును, ఈ ముగ్గురు ఏకీభవించి యున్నారు" అని ఉంటుంది. తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అన్న మాట అక్కడ లేదు. మన పెద్దలు కన్నీళ్లతో చదివిన ఓవీలోనే అది లేదు.

కారణం ఇదీ. ఆ వాక్యం ప్రాచీన గ్రీకు ప్రతుల్లో కనిపించదు. లాటిను ప్రతుల్లో చోటు చేసుకుని అక్కడి నుండి వ్యాపించింది. ఎరాస్మస్ అనే యూరప్ పండితుడు 1516లో గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేసినప్పుడు దాన్ని చేర్చలేదు. 1519 ముద్రణలోనూ చేర్చలేదు. చుట్టూ ఒత్తిడి పెరిగాక 1522 ముద్రణలో చేర్చాడు. ఆ పరంపరలోని గ్రీకు పాఠం నుండి 1611 నాటి కింగ్ జేమ్స్‌లోకి వచ్చింది. 1881లో ఇంగ్లీషు కొత్త నిబంధనను సవరించినవాళ్లు దాన్ని తొలగించారు.

"తీసేశారు" అనే ఆరోపణ మన సంఘాల్లో కరపత్రాలుగా, వీడియోలుగా తిరుగుతోంది. అది ఎక్కువగా ఇంగ్లీషు దేశాల్లో కింగ్ జేమ్స్ చుట్టూ నడిచిన వాదం. తెలుగు ఓవీకి దాన్ని యథాతథంగా తగిలించడం ఓవీకే అన్యాయం. త్రిత్వ సిద్ధాంతం ఈ ఒక్క వచనం మీద నిలబడలేదు. మత్తయి 28:19 అన్ని అనువాదాల్లోనూ ఉంది.

మార్కు 16:9 నుండి 20 వరకు, యోహాను 8వ అధ్యాయంలో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ వృత్తాంతం, ఈ రెండూ కొన్ని పాత ప్రతుల్లో లేవు. చాలా కొత్త అనువాదాలు వీటిని ప్రధాన పాఠంలోనే ఉంచి, కుండలీకరణాలతోనో అడుగున గమనికతోనో సంగతి చెబుతాయి. ఆ గమనిక ఉండడమే మంచిది. చదివేవాడి దగ్గర దాచవలసినది ఏమీ లేదు.

పాత బైబిలు (ఏలూరు):

ఓవీ తెరిచి చూశాను. ఆ ఆరోపణతో కొత్తవాటిని తోసిపుచ్చలేమన్నది సరే. కలిసి చదవడం గురించి, కంఠతా పట్టడం గురించి నేనన్నది మాత్రం అలాగే ఉంది. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

విశ్రాంత పంతులు (నెల్లూరు):

తెలుగు బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఓవీ ఎక్కడి నుండి వచ్చిందో తెలిస్తే పెద్దల పట్టుదల, పిల్లల ఇబ్బంది రెండూ అర్థమవుతాయి. కొంచెం ఓపిక పట్టి చదవండి.

బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ మిషనరీ మద్రాసులో ఉండి 1732 నాటికే బైబిలు మొత్తాన్ని తెలుగులోకి తెచ్చాడు. అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల పని మొదలుపెట్టారు. వారికి ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు కుడిభుజంగా నిలిచాడు. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో చనిపోయారు. వాళ్ల మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చి 11న ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతై ఎన్నో భాషల అచ్చు అక్షరాలు, రాతప్రతులు బూడిదయ్యాయి. అయినా అక్కడి మిషనరీ విలియం కేరీ బృందం మళ్లీ మొదలుపెట్టి 1818లో తెలుగు కొత్త నిబంధన తెచ్చింది. పూర్తి బైబిలు 1854లో వెలువడింది. ఆ తరువాత సవరణలు జరిగాయి.

తారీఖులు ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో గౌరవప్రదమైన వచనమంటే గ్రాంథికమే. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పోరాడింది 20వ శతాబ్దంలో. ఆ పోరాటం గెలిచింది. వార్తాపత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. గుడిలో చదివే పుస్తకం మాత్రం అలాగే ఉండిపోయింది. మా తరం బడిలో కొంతైనా గ్రాంథికం చదివింది కాబట్టి ఇబ్బంది పడలేదు. ఇప్పటి పిల్లలకు గ్రాంథికం ఎదురయ్యే చోటు దాదాపు బైబిలు ఒక్కటే.

ఓవీ తెలుగును కొందరు కృతకమని తేలికచేసి మాట్లాడతారు. నేను ఒప్పుకోను. అది బరువైన పండిత గ్రాంథికం కాదు. పైకి చదవడానికి, నలుగురూ వినడానికి కట్టిన భాష. "ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును. ప్రేమ మత్సరపడదు, ప్రేమ డంబముగా ప్రవర్తింపదు, అది ఉప్పొంగదు." ఒక్కసారి పైకి చదివి చూడండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాక్యమే చెబుతుంది. ఆ నడకను వాడుక భాషలో పట్టుకోవడం గొప్ప రచయితకు తప్ప సాధ్యం కాదు.

అదే ఓవీలో పౌలు పత్రికల దగ్గరకు వస్తే వేరే పరిస్థితి. ఎఫెసీ మొదటి అధ్యాయంలో 3 నుండి 14 వరకు గ్రీకులో ఒకే వాక్యమట. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. అంత పొడవు వాక్యాన్ని తెలుగు చేసినప్పుడు కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో ఉంటాయి. నాలాంటివాడే వేలు పెట్టుకుని వెతుక్కోవాలి. కీర్తనలకూ సువార్తలకూ ఓవీ, పత్రికలకూ ప్రవక్తలకూ వాడుక భాష అనువాదం అన్నది నా సలహా. అలా ఎవరూ అచ్చు వేయరని తెలుసు. చదివేవాడు రెండూ దగ్గర పెట్టుకోవాలి.

డాలస్ తల్లి (టెక్సాస్):

నమస్కారం మాస్టారూ, చాలా విషయాలు తెలిశాయి. నా పరిస్థితి కొంచెం వేరు. మా పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం అంతంత మాత్రం. ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్క నిలువు వరుసల్లో ఉన్న ద్విభాషా బైబిలు వాడుతున్నాం. రాత్రి ప్రార్థనలో పిల్లలు ఇంగ్లీషు చదువుతారు, నేను తెలుగు చదువుతాను. దీనితో వాళ్లకు తెలుగు వచ్చేస్తుందని చెప్పను. వినడం అలవాటైంది, అంతే.

ఈ పద్ధతిలో ఓవీ మీద నాకు గౌరవం పెరిగిన చోటు ఒకటి ఉంది. కానా పెళ్లిలో ద్రాక్షారసం అయిపోయిందని మరియ చెప్పినప్పుడు యేసు ఆమెను పిలిచిన పిలుపు ఇంగ్లీషులో "స్త్రీ" అన్న మాటతో ఉంటుంది. మా అబ్బాయి కంగారుపడ్డాడు, అమ్మను అలా పిలుస్తారా అని. తెలుగులో చూస్తే "అమ్మా, నాతో నీకేమి?" అని ఉంది. బావి దగ్గర సమరయ స్త్రీతో మాట్లాడినప్పుడు కూడా "అమ్మా" అనే ఉంది. గ్రీకులో రెండు చోట్లా ఒకే పిలుపని, అందులో అమర్యాద లేదని మా పాస్టరు గారు చెప్పారు. మన ఊళ్లలో కన్నతల్లినీ, దారిన పోయే తెలియని ఆవిడనూ ఒకే గౌరవంతో పిలవడానికి మనకు అమ్మా అనే మాట ఉంది. ఆ నాటి అనువాదకులు దాన్ని పట్టుకున్నారు. ఇంగ్లీషు వాళ్లకు ఆ వీలు లేదు.

అందుకే కొత్త అనువాదం కొన్నా పాతదాన్ని అటక మీద పెట్టవద్దని పిల్లలకు చెబుతాను.

మరియ కుమార్తె (గుంటూరు):

మీ చర్చ మొదటి నుండి చదువుతున్నాను. నేను క్యాతలిక్కును. ఇక్కడ ఎవరూ మా అనువాదం పేరు ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను.

మా బైబులులో 73 గ్రంథాలు ఉంటాయి, మీ దానిలో 66. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయులు మొదటిది, రెండవది మా పాత నిబంధనలో ఉన్నాయి. ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కూడా కొన్ని భాగాలు ఎక్కువ. యేసుసభ గురువులు పూదోట జోజయ్య గారు తెలుగులో బైబులు తేవడానికి జీవితమంతా ధారపోశారు. సంస్కృతం, తెలుగు రెండూ తెలిసిన పండితులు. ఆయన వాక్యం సాఫీగా సాగుతుంది. ప్రాటెస్టెంటు మిత్రులు ఒకసారి చదివి చూడాలని నా కోరిక.

మాటల తేడా మొదట్లో ఇబ్బంది పెడుతుంది. మీరు బాప్తిస్మం అంటారు, మేము జ్ఞానస్నానం అంటాం. మీరు పరిశుద్ధాత్మ, మేము పవిత్రాత్మ. మీ ఓవీలో యెహోవా అని వేల చోట్ల ఉంటుంది. మేము పూజలో ప్రభువు అనే చదువుతాం. హెబ్రీలో నాలుగు అక్షరాల ఆ దైవనామాన్ని ఆరాధనలో పలకవద్దని, దాని స్థానంలో ప్రభువు అనే మాట వాడాలని 2008లో రోము నుండి బిషప్పులకు లేఖ వచ్చింది. యూదులు కూడా ఆ నామాన్ని పలకకుండా అదొనాయ్ అని చదువుతారు.

నా చెల్లెలిని బాప్టిస్టు కుటుంబంలో ఇచ్చాం. వాళ్ల ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు మేము వెళ్తే, నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నాయని చెప్పే జ్ఞానగ్రంథం 3వ అధ్యాయం చదవాలనిపిస్తుంది. అది వాళ్ల బైబిలులో లేదు. అప్పుడు 23వ కీర్తన చదువుతాం. అది ఇద్దరికీ ఉంది. ఒక పుస్తకం కొనే ముందు అది ఎవరి మధ్య చదవబడుతుందో కూడా చూసుకోవాలని ఇందువల్ల అంటున్నాను. యువజన సేవకుడు గారి సంఘంలో కూడా ఇలాంటి ఇళ్లు ఉండి ఉంటాయి.

నిర్వాహకులు:

చర్చ చక్కగా సాగుతోంది. 73, 66 గ్రంథాలలో ఏది సరి అన్న వాదన ఇక్కడ మొదలుపెట్టకండి. దానికి వేరే చోటు ఉంది.

యువజన సేవకుడు (భీమవరం):

అందరికీ కృతజ్ఞతలు. మరియ కుమార్తె గారూ, నిజమే, మా సంఘంలోనూ అలాంటి కుటుంబాలు ఉన్నాయి. విద్యార్థి గారూ, నాకు ఇంకా తేలనిది ఒకటే. ఐఆర్‌వీ, పవిత్ర బైబిల్, సమకాలీన అనువాదం, ఈ మూడింటి మధ్య తేడా ఎలా తెలుసుకోవాలి? దుకాణంలో నిలబడి మూడూ తిరగేశాను. మూడూ వాడుక భాషలోనే ఉన్నాయి.

గ్రీకు విద్యార్థి (సికింద్రాబాద్):

ఐఆర్‌వీ అంటే ఇండియన్ రివైజ్డ్ వెర్షన్. తెలుగుది 2019లో వచ్చింది. ఓవీ నడకకు, పదాలకు దగ్గరగా ఉంటూ క్రియలను, విభక్తులను నేటి తెలుగులోకి మార్చింది. ఓవీతో పెరిగినవాళ్ల పక్కన కూర్చుని చదవడానికి ఇదే సులువు. అయ్యగారు ఓవీ చదువుతున్నా పిల్లవాడు ఎక్కడున్నాడో తప్పిపోడు. పాత బైబిలు అన్నయ్య అడిగిన కలిసి చదవడం ఇక్కడ చాలావరకు కుదురుతుంది. ఇది క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంది. మూలం పేర్కొని, ఆ షరతులు పాటిస్తే పాఠాలు, కరపత్రాలు అచ్చు వేసుకోవచ్చు. యువజన కూడికలకు ఇది చాలా ఉపయోగం.

పవిత్ర బైబిల్ సులభంగా చదువుకోవడానికి చేసినది. వాక్యాలు చిన్నవి, కష్టమైన పారిభాషిక పదాన్ని విప్పి చెబుతుంది. తెలుగు నెమ్మదిగా చదివేవాళ్లకు, మొదటిసారి బైబిలు పట్టుకున్నవాళ్లకు బాగా పనికొస్తుంది. విప్పి చెప్పడంలో ఒక చిక్కు ఉంది. మూలంలో రెండు అర్థాలకు అవకాశం ఉన్న చోట అనువాదకుడు ఒకటి ఎంచుకుని రాసేస్తాడు. రెండోది చదివేవాడికి కనబడదు. బిబ్లికా వారి తెలుగు సమకాలీన అనువాదం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుందని నా అభిప్రాయం. పైకి చదివితే సాఫీగా ఉంటుంది.

ఇది అనువాదకుల లోపమని అనుకోవద్దు. తెలుగులోకి వచ్చేసరికి ఎంచుకోక తప్పని చోట్లు ఉన్నాయి. గలిలయ సముద్రంలో తుఫాను లేచినప్పుడు యేసు పడవ వెనుక భాగంలో తలగడ మీద నిద్రపోతుంటాడు. శిష్యులు ఆయనను లేపుతారు. మార్కు 4:38. ఓవీలో "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అని ఉంది. గ్రీకు క్రియలో మేము, మనము అన్న తేడా లేదు. ఇంగ్లీషులోనూ లేదు కాబట్టి ఇంగ్లీషు అనువాదకుడికి ఆ ప్రశ్నే రాదు. తెలుగువాడు మాత్రం తేల్చుకోవాలి. "మేము" అంటే మునిగేది వీళ్లు, ఆయన ఆ ప్రమాదానికి బయట ఉన్నాడు. "మనం" అంటే ఆయన కూడా వీళ్లతో పాటు మునిగిపోతాడని వీళ్లు భయపడ్డారు. శిష్యుల విశ్వాసం ఆ క్షణంలో ఎక్కడ ఉందో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది. నన్ను అడిగితే "మనం" అనడానికీ గట్టి కారణమే ఉంది. ఆయన ఎవరో వాళ్లకు ఇంకా తెలియదు. గాలిని గద్దించాక కదా, "ఈయన ఎవరో" అని ఒకరితో ఒకరు చెప్పుకున్నది!

నీవు, మీరు సంగతీ అంతే. గ్రీకులో ఏకవచనంలో గౌరవ రూపం వేరుగా లేదు. ఓవీలో శిష్యులు యేసును నీవు అంటారు, ప్రార్థనలో దేవుణ్ణీ నీవే అంటాం. ఇప్పటి యువకులు కొందరు ప్రార్థనలో మీరు అంటున్నారు. దగ్గరితనం చూపాలా, మర్యాద చూపాలా అన్నది తెలుగు అనువాదకుడి బల్ల మీదకు వచ్చే ప్రశ్న.

కొనే ముందు ఒక పని చేయండి. మూడింటిలోనూ లూకా 15వ అధ్యాయం, రోమా 3:21 నుండి 26 వరకు, ఫిలిప్పీ 2:5 నుండి 11 వరకు చదివించండి. మీరు చదవవద్దు, ఆ పిల్లల చేతే పైకి చదివించండి. తప్పిపోయిన కుమారుని కథ అన్నింటిలోనూ బాగానే ఉంటుంది. రోమా దగ్గర తేడా తెలుస్తుంది. చదివాక పుస్తకం మూయించి, పౌలు ఏమన్నాడో సొంత మాటల్లో చెప్పమనండి. చెప్పగలిగితే ఆ అనువాదం ఆ పిల్లకు సరిపోయినట్టే.

తరువాత ముందుమాట చదవండి. ఏ మూల పాఠం నుండి చేశారో, ఎలాంటి పద్ధతి పాటించారో చాలావాటిలో అక్కడ ఉంటుంది. మన సంఘాల్లో ఆ పేజీ చదివేవాళ్లు అరుదు.

తండా కాపరి (మహబూబాబాద్):

మీ మాటలన్నీ చదవడం వచ్చినవాళ్ల గురించే సాగుతున్నాయి. మా దగ్గర సగం మంది విని నేర్చుకునేవాళ్లు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బజారులో తెలుగు. లంబాడీలో కొత్త నిబంధన ఉంది. ముసలమ్మలకు దానిలోంచి ఒక ఉపమానం చదివితే ముఖాలు వికసిస్తాయి. అయినా ఆదివారం ఆరాధనలో తెలుగు బైబిలు కావాలని వాళ్లే అడుగుతారు. పెద్ద పుస్తకం, పెద్ద భాష అన్న గౌరవం. నేను రెండూ చదువుతాను. ముందు తెలుగు, తరువాత లంబాడీ.

ఓవీ గురించి ఒక మాట. పునరుత్థానం రోజున ఇద్దరు శిష్యులు నడిచివెళ్లిన ఎమ్మాయు గ్రామం యెరూషలేముకు "ఆమడదూరమున" ఉందని లూకా 24లో ఉంది. మూలంలో 60 స్టాడియాలు, అంటే ఇంచుమించు 11 కిలోమీటర్లు. ఆమడ అనగానే మా పెద్దలు తలాడిస్తారు. అది కాళ్లతో కొలిచిన దూరం. తండా నుండి సంతకు నడిచివెళ్లినవాళ్లకు, ఆ ఇద్దరూ మాట్లాడుకుంటూ ఎంతసేపు నడిచారో, పొద్దు వాలేసరికి ఎందుకు ఆగిపొమ్మన్నారో చెప్పనక్కర్లేదు. అదే కుర్రవాళ్లకు ఆమడ తెలియదు, కిలోమీటర్లు కావాలి. ఒకే ఇంట్లో ఇద్దరికీ వేర్వేరు పుస్తకాలు కావలసి వస్తోంది. అందులో తప్పేమీ నాకు కనబడదు.

చదవలేనివాళ్లకు ఫోనులో ఆడియో పెట్టి ఇవ్వండి. మా దగ్గర కూలికి వెళ్లే ఆడవాళ్లు పత్తి ఏరుతూ వింటారు. వినేటప్పుడు చిన్న వాక్యాల అనువాదమే నిలుస్తుంది. పొడవు వాక్యం మధ్యలో పక్క చేను మనిషి పలకరిస్తే మొదలు మరచిపోతారు.

పాత బైబిలు (ఏలూరు):

తండా కాపరి గారి మాట నా మనసుకు తాకింది. నేను ఒక్కటి అడుగుతాను. కానుకగా ఏది ఇచ్చినా ఇవ్వండి, బంగారు వాక్యాలు మాత్రం ఓవీలోనే నేర్పండి. కష్టకాలంలో ఆస్పత్రి మంచం పక్కన పుస్తకం ఉండదు. నోటికి వచ్చినదే ఉంటుంది. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను" అని రోగి చెవిలో అమ్మ అన్నా, మనవడు అన్నా ఒకే మాట కావాలి.

విశ్రాంత పంతులు (నెల్లూరు):

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కంఠతా పట్టడానికి గ్రాంథికం అడ్డు కాదు, సాయం. పోతన పద్యం అర్థం తెలియకుండానే పిల్లలు నేర్చుకున్నారు, అర్థం తరువాత వచ్చింది. అయితే కంఠతా పట్టించేది నేర్పేవాడు దగ్గర కూర్చుని అర్థం చెప్పగలిగిన చోట. ఒంటరిగా గదిలో చదువుకునే పిల్ల పక్కన చెప్పేవాడు ఉండడు. ఆ పిల్లకు చదవగానే తెలిసే పుస్తకమే ఇవ్వాలి.

యువజన సేవకుడు (భీమవరం):

నిన్న సాయంత్రం విద్యార్థి గారు చెప్పినట్టు పిల్లల చేత రోమా 3వ అధ్యాయం చదివించాం. పెద్దల్లో ఇద్దరిని కూడా పిలిచి కూర్చోబెట్టాను. ఓవీలో చదివినప్పుడు పిల్లలు ఒక్కో మాట దగ్గర ఆగుతూ పూర్తి చేశారు. పుస్తకం మూసి చెప్పమంటే మౌనం. ఐఆర్‌వీలో చదివాక ఇద్దరు ముగ్గురు చెప్పగలిగారు. పవిత్ర బైబిల్ చదివాక దాదాపు అందరూ చెప్పారు. కానీ అందులో కొన్ని మాటలు ఓవీకి దూరంగా ఉన్నాయని ఒక పెద్దాయన గుర్తించారు. పెద్దలు కోపగించుకోలేదు. ఒకాయనైతే ఐఆర్‌వీ ప్రతిని తన ఇంటికి తీసుకెళ్లి చదువుతానన్నారు.

తీర్మానం ఇలా అయింది. కానుకగా ఐఆర్‌వీ ఇస్తాం. ఆరాధనలో ఎప్పటిలాగే ఓవీ ఉంటుంది. తెలుగు బాగా నెమ్మదిగా చదివే నలుగురికి పవిత్ర బైబిల్ అదనంగా ఇస్తాం. బంగారు వాక్యాలు ఓవీలోనే. ఏలూరు అన్నయ్య మాట పెద్దలకు చదివి వినిపించాను. పత్రికల అధ్యయనంలో రెండు అనువాదాలూ బల్ల మీద ఉంటాయి. తేడా కనిపించిన చోట ఆగి ఎందుకో చూస్తాం.

ఇక ఒకే ప్రశ్న మిగిలింది. పెద్ద సంఖ్యలో కొనేటప్పుడు ఏమి చూసుకోవాలి?

తండా కాపరి (మహబూబాబాద్):

మొదట ఒక్క ప్రతి తెప్పించుకుని చూడండి. అక్షరం చిన్నదైతే అమ్మానాన్నలు ఆ పుస్తకం పట్టుకోరు. ఇంటికి ఒకటే బైబిలు ఉండే చోట అది ముఖ్యం. కాగితం మరీ పలచనైతే వెనుక పేజీ అక్షరాలు కనబడతాయి. అట్ట లోపల చూడండి, కుట్టు బైండింగు అయితే ఏళ్ల తరబడి ఉంటుంది. జిగురు పెట్టినది అయితే ఎండాకాలానికి ఆదికాండం ఊడి చేతికి వస్తుంది. జిప్పు కవరు అవసరం లేదు, ఆ డబ్బుతో ఇంకో రెండు పుస్తకాలు వస్తాయి. వివరణలతో ఉన్నది కొంటే, గీత కింద ఉన్నది మనుషులు రాసిన వ్యాఖ్య, గీత పైన ఉన్నది వాక్యం అని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

డాలస్ తల్లి (టెక్సాస్):

తమ్ముడూ, మొదటి పేజీలో పేరు రాసి ఇచ్చేటప్పుడు తెలుగులోనే రాయించండి. మా అమ్మాయి తన పేరు తెలుగు లిపిలో చూసుకుని అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది.

యువజన సేవకుడు (భీమవరం):

తప్పకుండా అక్కా. మాస్టారి మాదిరి గుండ్రని చేతిరాత ఉన్న పెద్దాయన మా సంఘంలో ఉన్నారు, ఆయన చేత రాయిస్తాం. ఈ వారమే ఒక ప్రతి తెప్పిస్తున్నాను, కుట్టు చూశాకే మిగతావి.